సూరమ్మత్త చేతికి కొత్త డ్రైవరు

పంటుపేట యంత్రాల దినచర్య. సముద్రంలో తేలే నలభై పంటులను ఒకే మోకుతో ఊరుగా కలిపి కట్టుకున్న 38వ ఏడు. రాసేది యంత్రాల గుమస్తా కడలి భ్రమరాంబ. ఇది సరదాగా చదువుకునే పుస్తకం కాదు. అయినా నేను లేనప్పుడు చదివేవాళ్ళున్నారని తెలుసు. పేజీల మీద కొబ్బరినూనె వేళ్ళ గుర్తులు కనిపిస్తున్నాయి.

సెప్టెంబరు 12

ఉదయం ఎనిమిదికి పెద్దపెట్టె మళ్ళీ నిద్రపోయింది. నాలుగు నిమిషాలు. ఈ నెలలో ఇది ఆరోసారి. ఆ నాలుగు నిమిషాల్లో ఊళ్ళో ఏవేవి ఆగాయో రాయడం నా విధి కనుక రాస్తున్నాను. మంచినీళ్ళ మిషను, మోకు బిగించే చక్రాలు, బడిగంట, ప్రెసిడెంటు తాతబ్బాయి గారింట్లో ఇడ్లీ పొయ్యి, ఇరవై రెండో పంటులో వీర్రాజు కుడిచెయ్యి, తొమ్మిదో పంటులో సూరమ్మత్త కుడిచెయ్యి.

వీర్రాజు చెయ్యి ఆగినప్పుడు అందులో మంగలికత్తి ఉంది, కత్తి కింద బడి మాస్టారి గెడ్డం ఉంది. మాస్టారు ఆ నాలుగు నిమిషాలూ కళ్ళు కూడా ఆర్పలేదట. సూరమ్మత్త చెయ్యి ఆగినప్పుడు వేడి కుండ మీద పూతరేకు ఉంది. అది మాడిపోయింది. ఇద్దరిలో నన్ను ఎక్కువ తిట్టింది సూరమ్మత్తే.

ఆ ఇద్దరివీ మరచేతులు. వాటికి బలం సొంతం, తెలివి మాత్రం పెద్దపెట్టెది. ఊళ్ళో ఏ యంత్రమైనా అంతే. పెద్దపెట్టె వయసు పంతొమ్మిదేళ్ళు. దాని ఫ్యాను ఉబ్బసం ఉన్నవాళ్ళలా ఈలవేస్తోంది. అక్టోబరు దాటితే తుఫాన్లు. తుఫాను మధ్యలో అది నిద్రపోతే చక్రాలు మోకును వదిలేస్తాయి, మోకు వదిలితే నలభై పంటులు నలభై దిక్కులకు పోతాయి. ప్రెసిడెంటు గారికి ఈ మాట మూడేళ్ళుగా చెబుతున్నాను. ఇవాళ ఇడ్లీలు ఉడకకపోయేసరికి ఆయనకు పూర్తిగా అర్థమైంది.

సెప్టెంబరు 14

కొత్త పెట్టె ఓడలో వచ్చి దిగింది. బంగారంలా ఉంది. పాతదాని పక్కగదిలో పెట్టించాను. అక్టోబరు పది మధ్యాహ్నం పాతది ఆపేసి ఊరంతా దీనికి మారాలి. రెండూ కలిసి నడవడం ఎక్కువ రోజులు కుదరదు, ఎవరి మాట వినాలో తెలియక మోకు చక్రాలు తడబడతాయి.

చిక్కల్లా డ్రైవర్లతో. డ్రైవరంటే యంత్రానికీ పెట్టెకీ మధ్య ఉండే దుబాసీ. పెట్టె "బిగించు" అంటే చక్రానికి అర్థమయ్యేలా చెప్పేది అదే. కొత్త పెట్టెకు పాత దుబాసీల మాట అర్థం కాదు, కొత్త దుబాసీలకు మాత్రం రెండు పెట్టెల మాటా వచ్చు. కాబట్టి నలభై నాలుగు యంత్రాలకూ కొత్త డ్రైవర్లు పెట్టాలి. అన్నీ ఒకేరోజు పెట్టేసి భోజనానికి పోదామన్నారు ప్రెసిడెంటు గారు. నేను ఒప్పుకోలేదు.

నా పద్ధతి ఊరందరికీ తెలుసు, నవ్వుకుంటారనీ తెలుసు. బాగా నడిచేదాన్ని కొత్తదొచ్చింది కదా అని ముట్టుకోను, కారణం కనబడాలి. యంత్రం చేసినవాళ్ళు పంపిన డ్రైవరే పెడతాను. దారిన పోయే పడవలో ఎవరో ఇచ్చింది ఎంత గొప్పదైనా పెట్టను. రోజుకి ఒకటి లేదా రెండు, అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఊరంతా మెలకువగా, కడుపు నిండి, కాస్త మంచి మనసుతో ఉన్నప్పుడు. ముందు పాత డ్రైవరుకు నకలు తీస్తాను. ఆ నకలును ఆ యంత్రం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళింట్లోనే స్టీలు డబ్బాలో ఉంచుతాను. ఆఫీసులో ఉంచితే అందరూ మర్చిపోతారు, వంటింట్లో ఉంచితే ఇంటావిడ కాపలా కాస్తుంది. అన్నిటికంటే ముందు, డ్రైవరుతో వచ్చిన కాగితాలు చివరిదాకా చదువుతాను. మా ఊళ్ళో కాగితాలు చదివే అలవాటు నాకొక్కదానికే ఉంది. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

సెప్టెంబరు 19

ఇప్పటికి తొమ్మిది పూర్తి. మంచినీళ్ళ మిషను కొత్త డ్రైవరుతో చప్పుడు తగ్గించింది. ఇది ఆగిపోయిందేమోనని పదిమంది పరిగెత్తుకొచ్చి చూసిపోయారు.

బడిగంట మాత్రం పేచీ పెట్టింది. కొత్త డ్రైవరు పెట్టగానే చాలా మర్యాదగా, ఇంట్లో నిద్రపోతున్న చుట్టం లేస్తుందేమో అన్నట్టు మోగింది. ఇంటిగంట ఎవరికీ వినబడక పిల్లలు అరగంట ఎక్కువ పాఠం విన్నారు. వాళ్ళ తల్లులకు అది నచ్చింది, పిల్లలు మాత్రం నా గుమ్మం ముందు ధర్నాకి కూర్చున్నారు. మాస్టారింట్లో డబ్బా తీయించి పాతది వెనక్కి పెట్టాను, ఎప్పటిలా మోగింది. రెండు రోజులాగి, శబ్దం ఎక్కడ పెంచాలో కాగితంలో చూసుకుని మళ్ళీ కొత్తది పెట్టాను. పాత పెట్టె బతికి ఉన్నన్నాళ్ళూ ఈ వెసులుబాటు ఉంది. తేడా వస్తే వెనక్కి వచ్చి, నిలబడి, మళ్ళీ ముందుకు పోవచ్చు. అది ఆగిపోయాక వెనక నిలబడడానికి చోటుండదు.

సెప్టెంబరు 27

చేతుల డ్రైవరు వచ్చింది. ముప్పై ఒక్క పేజీల కాగితాలు, అదీ మనుషులెవరూ మాట్లాడని తెలుగులో. ఉదయం నుంచి చదివాను. పదమూడో పేజీ రెండుసార్లు చదివాను. కొత్త డ్రైవరు పాత అలవాట్లను తీసుకోదు.

సూరమ్మత్త నాకు చుట్టం కాదు. మా అమ్మకు పక్క పంటు స్నేహితురాలు. పదకొండేళ్ళ కిందటి తుఫానులో ఒక మోకు చక్రం ఇరుక్కుపోయింది. అప్పుడు పడవ మీద పనిచేసే వీర్రాజూ, ఆవిడా వట్టి చేతులతో మోకు పట్టుకుని నిలబడ్డారు. చక్రం ఒక్కసారిగా కదిలి ఇద్దరి కుడిచేతులూ లాక్కుపోయింది. ఊరు మాత్రం నిలిచింది. ఓడవాళ్ళు రెండు మరచేతులు తెచ్చిపెట్టారు. వీర్రాజు దాంతో మంగలిపని నేర్చుకున్నాడు. సూరమ్మత్త తనకు ముందే వచ్చిన పనిని ఆ చేతికి నేర్పింది.

బోర్లించిన కుండ కింద సెగ పెట్టి, జయ బియ్యం పిండి పాలలా పలుచగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రెప్పపాటులో పొర కడుతుంది. దాన్ని చిరగకుండా ఎత్తాలి. మరచెయ్యి అది నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇప్పుడు ఆవిడ రేకులో నుంచి చూస్తే అవతలి మనిషి పళ్ళు లెక్కపెట్టొచ్చు. ఈ ఊళ్ళో పెళ్ళికైనా పురుడికైనా ఆ రేకులే.

సాయంత్రం వెళ్ళి చెప్పాను. ఆవిడ పని ఆపకుండా విన్నది.

"అలవాట్లంటే ఏవిటే?"

"పదకొండేళ్ళుగా నీ చెయ్యి నేర్చుకున్నవన్నీ, అత్తా. కుండ మీద ఎంత బరువెయ్యాలో, గుడ్డ ఎంత జోరుగా లాగాలో. కొత్త డ్రైవరు పెడితే చంటిపిల్ల చెయ్యే."

"అరవై ఏడేళ్ళకి సంటిపిల్ల సెయ్యి తగిలించుకుని నేనేం సేసుకోనే?"

 ఆఖరి రోజుదాకా పాతచేత్తోనే తీస్తానంది ఆవిడ. సరేనన్నాను. ఇంటికొస్తూ ఏడ్చాను. ఇది దినచర్యలో రాయాల్సిన విషయం కాదు, కానీ జరిగింది.

సెప్టెంబరు 30

ముందు తన చెయ్యి మార్చమని వీర్రాజు తనంతట తానే వచ్చాడు. రెండు చేతులూ ఒకే రకం కాబట్టి ఒకదాని మీద చూసి రెండోదాన్ని ముట్టుకోవడం నా పద్ధతే. భోజనాలయ్యాయి. నకలు తీశాను, డబ్బా వాళ్ళావిడ చేతిలో పెట్టాను, రెండు గంటలకు కొత్త డ్రైవరు పెట్టాను. ముంజేతి మీది దీపం పసుపురంగులో వెలిగింది. వేళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత మామూలు ప్రకారం మోకు పట్టించాం. మా ఊళ్ళో ఏ కొత్త వస్తువైనా ముందు మోకు దగ్గరికే వెళుతుంది. కొత్త గిన్నె అయితే ఆనిస్తాం, కొత్త చెప్పులైతే దాని మీద నిలబడతాం, కొత్తకోడలైతే దండం పెడుతుంది. కొత్త డ్రైవరు పెట్టిన చెయ్యంటే కొత్త చెయ్యే కదా. నేనే ముందు నడిచి వీర్రాజును తీసుకెళ్ళాను. మూడుసార్లు గట్టిగా లాగమన్నాను. ఉత్సాహం ఆపుకోలేక పన్నెండుసార్లు లాగాడు. తర్వాత ఊళ్ళో కుర్రకారుతో తాడులాట కూడా ఆడాడు. బ్రహ్మాండంగా గెలిచాడు.

సాయంత్రం ఐదింటికి ప్రెసిడెంటు గారు మీసం కత్తిరించుకోవడానికి కూర్చున్నారు.

ఐదూ అయిదుకి ఎడమవైపు మీసం లేదు. వీర్రాజు చెప్పేదేమంటే, తాను కొస మాత్రమే పట్టుకున్నాననుకున్నాడు, చెయ్యి మాత్రం మోకును పట్టుకున్నట్టు పట్టుకుని లాగబోయింది, కత్తితో తెంపి వదిలించకపోతే పెదవి కూడా వచ్చేది. ముప్పై ఏళ్ళ మీసం. ప్రెసిడెంటు గారు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని నా దగ్గరకు వచ్చి, చాలా శాంతంగా ఒక్కమాటే అన్నారు.

"భ్రమరాంబ గారూ, మీ పద్ధతి ఇదేనాండి?"

అక్టోబరు 1

నిన్నటి తప్పు వీర్రాజుది కాదు, చేతిది కాదు, డ్రైవరుది కూడా కాదు. నాది. వివరంగా రాస్తున్నాను, కొబ్బరినూనె వేళ్ళవాళ్ళు తీరిగ్గా చదువుకోవచ్చు.

కాగితాలు ముప్పై ఒక్క పేజీలు. నేను ముప్పై చదివాను. ముప్పై ఒకటో పేజీ మొదట్లో "ధన్యవాదములు" అని ఉంది. అయిపోయిందనుకుని మూసేసి అన్నానికి లేచాను. ఇవాళ చూస్తే ఆ ధన్యవాదముల కింద ఇంకో వాక్యం ఉంది: "సంస్థాపనానంతర ప్రథమ హోరాపర్యంతము ధారకునిచే నిర్వహింపబడు చేష్టలు ప్రమాణముగా స్వీకరింపబడును." నాలుగుసార్లు చదివితే అర్థమైంది. పెట్టిన మొదటి గంటలో చెయ్యి ఏ పని చేస్తే, ఇక తన బతుకంతా ఆ పనే అనుకుంటుంది. గంట కాగానే పసుపు దీపం ఆకుపచ్చ అవుతుంది, నేర్చుకోవడం అక్కడితో ముగుస్తుంది.

ఆ గంటంతా వీర్రాజు చేత మోకు లాగించిన గుమస్తాను నేనే. ఇంకే ఊళ్ళోనూ ఇలా జరగదు, మా ఊళ్ళోనే జరుగుతుంది.

వాళ్ళావిడ దగ్గర డబ్బా తెప్పించి పాతది వెనక్కి పెట్టాను. చెయ్యి ఎప్పటిలా అయింది. ప్రెసిడెంటు గారి దగ్గరకెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన మిగిలిన సగం మీసాన్ని నిమురుకుంటూ నవ్వేశారు. మీటింగులో అందరూ తన ముఖం వైపే చూస్తున్నారనీ, ఇరవై ఏళ్ళలో ఇంత శ్రద్ధగా తన ఉపన్యాసం ఎవరూ వినలేదనీ అన్నారు.

అక్టోబరు 4

వీర్రాజుకు మళ్ళీ కొత్తది పెట్టాను. ఈసారి మోకు వైపు ఎవరినీ చూడనివ్వలేదు. చెయ్యి నిజంగానే చంటిపిల్లలా ఉంది, కత్తి కూడా నిలవడం లేదు. అక్షరాభ్యాసంలో పిల్లల చెయ్యి పట్టుకుని బియ్యంలో దిద్దిస్తాం కదా, అలా దిద్దించమన్నాను. వీర్రాజు తన ఎడమచేత్తో మరచేతి మణికట్టు పట్టుకున్నాడు. ఎదురుగా ఐదు సొరకాయలు. ఒక్కోదానికి నురగ పూసి, గంటసేపు గడ్డం గీశాడు. మొదటి సొరకాయకు కుట్లు పడాల్సిందే. ఐదోది అద్దంలా వచ్చింది. దీపం ఆకుపచ్చ అయింది.

తర్వాత మనిషి కావాలి. ఎవరూ ముందుకు రాలేదు. తాతబ్బాయి గారే వచ్చి కూర్చుని, మిగిలింది కూడా తీసెయ్యమన్నారు. నున్నగా తీశాడు, గీత కూడా పడలేదు. మీసం లేకుండా ఆయన అచ్చం వాళ్ళమ్మగారిలా ఉన్నారు. ఐదు సొరకాయలూ పులుసైపోయాయి.

ఇక చెయ్యాల్సింది ఒక్కటే మిగిలింది.

అక్టోబరు 5

మార్గం దొరికిందని ఎగురుకుంటూ తొమ్మిదో పంటుకు వెళ్ళాను. ఎడమచేత్తో పట్టుకుని దిద్దించాలని చెప్పగానే సూరమ్మత్త ముఖం ముడుచుకుంది.

"ఎడం సేత్తో రేకు తీత్తే తినేవోళ్ళకి మర్యాదేనేంటే? గెడ్డం గీసినట్టు కాదు. నోట్లో పెట్టుకునేది."

పదకొండేళ్ళుగా ఆవిడ ఎడమచెయ్యి కుండ దగ్గరకు రాలేదన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. మరచెయ్యి రాకముందు ఐదు నెలలు ఈ ఊళ్ళో పూతరేకే లేదు. ఎడమచేత్తో తీసి పెట్టమని ఎంతమంది బతిమాలినా తియ్యలేదు.

పోనీ నువ్వు పట్టుకుని దిద్దించు, నీది కుడిచెయ్యే కదా అంది.  చిన్నప్పుడు ఆవిడ దగ్గర రెండేళ్ళు నేర్చుకుని ఒక్క రేకూ ఎత్తలేక పారిపోయినదాన్ని నేను. అయినా ఇవాళ కూర్చున్నాను. పది దాకా గుడ్డ కుండకే అంటుకుంది. తర్వాతవి చినిగాయి. అరవై మూడు చించాను. చివరిది సగం లేచింది, ఆశగా ఊపిరి వదిలాను, ఆ గాలికి అదీ పోయింది. సూరమ్మత్త నవ్వీ నవ్వీ కుండ కింద సెగ ఆపేసింది. ఈ చేతి చేత దిద్దిస్తే తన చెయ్యి జన్మంతా ఉప్మాయే చేస్తుందంది. ఇంకా ఐదు రోజులున్నాయి కదా, చూద్దామని లేచాను.

అక్టోబరు 7

ఐదు రోజులు లేవు. సముద్రంలో వాయుగుండం. తొమ్మిదిన మా మీదుగా పోవచ్చని మధ్యాహ్నం కబురొచ్చింది. పెద్దపెట్టె పొద్దున్నుంచి మూడుసార్లు నిద్రపోయింది. చక్రాలు దాని చేతిలో ఉండగా గాలి మొదలవకూడదు. పెట్టె మార్పు రేపు మధ్యాహ్నానికి జరపాలని తేల్చాం.

రేపు మధ్యాహ్నం దాటాక వెనక్కి తిరగడం లేదు. ఆ తర్వాత చెయ్యి తప్పు నేర్చుకుంటే ఓడలో చేసినవాళ్ళకే పంపాలి. పోయి రావడానికి ఎనిమిది నెలలు. ఈలోగా ఆవిడకు చెయ్యే ఉండదు.

ఇవాళే మార్చేద్దాం, తేడా వస్తే వెనక్కి రావచ్చని సూరమ్మత్తను బతిమాలాను. వినలేదు. ఎల్లుండి గాలికి పొయ్యిలు వెలగవు కాబట్టి ఊరందరికీ సరిపడా రేకులు ఇవాళే పాతచేత్తో తీసిపెడతానని కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. తాతబ్బాయి గారు కూడా వచ్చారు. ఆవిడ చేతి కోసం మార్పు ఒక్కరోజు వెనక్కి జరుపుదామా అని నన్ను అడగలేదు, ఆవిడనే అడిగారు. ఆయన నిజంగానే జరిపేసేవారు. ఊళ్ళో ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అందుకే నాకు భయమేసింది.

సూరమ్మత్త గుడ్డ పిండిలో వదిలేసి ఆయన వైపు తిరిగింది.

"ఆ రోజు సెయ్యి పోతన్నా వదల్లేదండి, ఇయ్యాళ మర సేతి కోసం ఒగ్గేత్తానా? మార్సెయ్యండి."

అక్టోబరు 8

పొద్దున్నే వెళ్ళేసరికి సూరమ్మత్త స్నానం చేసి, ఎడమచేతికి పసుపు రాసుకుని కడుగుతోంది. మూడోసారట.  ఆవిడ నాతో కాదు, ఆ చేతితోనే మాట్లాడుతోంది.

"నువ్వు రేకు ముట్టుకోవద్దు. పిండి ముట్టుకోవద్దు. మణికట్టు దాకానే నీ పని. రేకు తీసేది అదే. నువ్వు పంతులమ్మవంతే."

నేను వెనక్కి తిరిగి కిటికీలోంచి సముద్రాన్ని చూశాను. ఆవిడ ముందు ఏడిస్తే పిండిలో ఉప్పు పడిందని తిడుతుంది.

పన్నెండింటికి పాత పెద్దపెట్టె ఆపాను. పంతొమ్మిదేళ్ళ ఈల ఆగిపోయింది. చక్రాలు కొత్త పెట్టె మాట విని మోకును ఒక్క పద్ధతిలో బిగించాయి. ఒంటిగంట దాకా చూశాను, తడబాటు లేదు. గాలి అప్పుడే లేస్తోంది. తొమ్మిదో పంటుకు పరిగెత్తాను.

ఒంటిగంటా పదికి చేతికి డ్రైవరు పెట్టాను. పసుపు దీపం. గుమ్మం బయట సగం ఊరు నిలబడింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఎవరైనా అలవాటుగా ఆ చేతిని పట్టుకుని పలకరిస్తే అది జీవితాంతం పలకరింపులే చేస్తుంది.

సూరమ్మత్త ఎడమచెయ్యి కుడి మణికట్టు మీద వేసింది. పిండిలో గుడ్డ ముంచింది, కుండ మీద లాగింది. మొదటిది ముద్ద. రెండోది ముద్ద. పది నిమిషాలు గడిచాక గుడ్డ కుండ మీద జారింది. ఇరవై నిమిషాలకు పొర కట్టింది, ఎత్తితే నాలుగు ముక్కలైంది. నేను గడియారం చూడడం, దీపం చూడడం, ఆవిడను చూడడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. ఆవిడ మాత్రం తొందరపడలేదు. పంటు ఊగుతోంది. ఊగినప్పుడల్లా ఆగి, సర్దుకుని, మళ్ళీ లాగింది. నలభై నిమిషాలకు ఒకటి నిండుగా లేచింది. మందంగా, దోసెలా ఉంది. అయినా లేచింది.

ఆ తర్వాత నేను లెక్క మర్చిపోయాను. గుమస్తా అలా రాయకూడదు.

దీపం ఆకుపచ్చ అయింది. సూరమ్మత్త ఎడమచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచెయ్యి ఒక్కటే ముందుకెళ్ళింది. ముంచింది, లాగింది, ఎత్తింది. ఎత్తేటప్పుడు చివర్లో మణికట్టు చిన్నగా పైకి విసిరింది, తడి బట్ట విదిలించినట్టు. ఆ విసురుతో రేకు గాలిలో తేలి పళ్ళెంలో వాలింది.

ఆ విసురు నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఆవిడ సొంత చెయ్యి అలాగే విసిరేది. పాత డ్రైవరు పదకొండేళ్ళలో అన్నీ నేర్చుకుంది గానీ ఆ విసురు దానికి ఎప్పుడూ రాలేదు. ఎడమచేతికి ఎలా గుర్తుందో తెలియదు.

సూరమ్మత్త ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇది నా సెయ్యే" అంది.

అప్పుడు మాత్రం ఇద్దరం ఏడ్చాం. పిండి సంగతి ఎవరికీ గుర్తులేదు.

బయట జనం మోకు పట్టించాలన్నారు. దీపం ఆకుపచ్చ అయింది కాబట్టి ఇక ప్రమాదం లేదని నేనూ చెప్పాను. గాలి తగ్గాక చూద్దామని ఆవిడ తలుపేసుకుంది.

అక్టోబరు 10

వాయుగుండం నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా మమ్మల్ని ఊపి ఉత్తరానికి పోయింది. కొత్త పెట్టె ఒక్క నిమిషం కూడా కునుకు తీయలేదు. చక్రాలు మోకును వదలాల్సినప్పుడు వదిలాయి, బిగించాల్సినప్పుడు బిగించాయి. పోయినవి: రెండు చేపల బుట్టలు, నా గొడుగు, తాతబ్బాయి గారి ఇడ్లీ పొయ్యి మూత. నలభై పంటులూ ఉన్నాయి. ఊరంతా నిన్న పూతరేకులే తిని బతికింది.

ఇవాళ ఎండ కాసింది. సూరమ్మత్త పళ్ళెం మీద మూత పెట్టుకుని మోకు దగ్గరకు బయల్దేరింది. వెనక మేమంతా వెళ్ళాం. కొత్తచేత్తో మూడుసార్లు లాగుతుందని అందరం చూస్తున్నాం. ఆవిడ కుడిచేత్తో మూత తీసింది. లోపల ఒకే ఒక్క రేకు, నెయ్యీ బెల్లప్పొడీ చల్లి మడిచింది.

చెయ్యి ముట్టించు అత్తా అన్నాను.

"దీనికి సెయ్యి ఒకసారి ఇచ్చేనే. మళ్ళీ ఇయ్యను. రేకు తినమను."

తుఫాను నీళ్ళు ఇంకా కారుతున్న మోకు మీద ఆ రేకును పెట్టింది. అది తడికి మెత్తబడి, తాడు పేటల మధ్యకు జారి, కరిగిపోయింది. బెల్లం మరక ఒక్కటి మిగిలింది. సూరమ్మత్త దాన్ని వంగి చూసి, సంతృప్తిగా తల ఊపింది.

"తినేసింది" అంది. ఇక మిగతా రేకులు మాకు పంచింది.

నలభై నాలుగు యంత్రాలు, నలభై నాలుగు డ్రైవర్లు, పని పూర్తి. నా పద్ధతిలో రెండు మాటలు కొత్తగా చేర్చాను. ధన్యవాదముల తర్వాత కూడా చదవాలి. కొత్త డ్రైవరు పెట్టే ముందు, మొదటి గంటలో ఆ యంత్రం చేత ఏ పని చేయించాలో దాని మనిషిని అడగాలి.

ఈ పేజీ మీద ఉన్న నెయ్యి మరక మాత్రం నాదే.